నర్సరీ కవర్లలో కలుపు: మొలవకముందు కొట్టే మందు గురించి ఒక చెల్లెమ్మకి జవాబు

ప్రశ్న: నమస్తే అండి. మాది కడియపులంక దగ్గర. నేనూ మా ఆయనా రెండెకరాలు కౌలుకి తీసుకుని నర్సరీ నడుపుతున్నాం. నూరువరహాలు, మందారం, కాగితం పూలు, క్రోటన్లు, గోల్డెన్ దురంతా, కొన్ని డ్రసీనాలు, అన్నీ కవర్లలోనే. వానలు మొదలైతే చాలు కవర్ల నిండా గడ్డి, గంగవాయిలి, తుంగ. కూలివాళ్ళు ఈ చివర నుంచి పీక్కుంటూ ఆ చివరకి వెళ్ళేసరికి ఇక్కడ మళ్ళీ పచ్చగా అయిపోతోంది. వచ్చిందంతా కలుపు కూలికే పోతోంది. మా మరిదేమో వరిలో చల్లినట్టు బ్యుటాక్లోర్ కలుపు మందు ఇసుకలో కలిపి కవర్ల మీద చల్లేద్దాం వదినా అంటున్నాడు. షాపాయన పెండిమిథాలిన్ అనే ఇంకో కలుపు మందు ఇచ్చి లీటరు నీళ్ళకి ఇంత కలిపి కొట్టేయండి, ఏం కాదు అన్నాడు. ఇంకో సంగతి, హైదరాబాద్‌లో ఒక విల్లా వాళ్ళకి మొక్కలు పంపి మేమే నాటించాం, అక్కడా ఇదే గోల. అక్కడా ఈ మందే కొట్టొచ్చా?

జవాబు: అమ్మా, ముందు మీ మరిది గారి మాటకి జవాబు చెప్పేస్తాను, ఎందుకంటే ఈ వారంలోనే చల్లేస్తారేమో అని నా భయం. వద్దు. ఆగమనండి. వరిలో బ్యుటాక్లోర్ ఇసుకలో కలిపి చల్లితే ఎందుకు పనిచేస్తుందంటే అక్కడ మడిలో పల్చగా నీళ్ళు నిలబడి ఉంటాయి, ఇసుక రేణువు ఎక్కడ పడినా మందు నీళ్ళలో కలిసి మడంతా సమానంగా పరుచుకుంటుంది. సమానంగా పంచే పని చేసేది ఆ నీళ్ళే, ఇసుక కాదు. మీ కవరులో నిలబడే నీళ్ళు ఎక్కడున్నాయి? గుప్పెడు ఇసుక విసిరితే ఒక కవరులో ముప్ఫై రేణువులు పడతాయి, పక్క కవరులో మూడు పడతాయి, మొదటిదాంట్లో మొక్క వేరు చచ్చిపోతుంది, రెండోదాంట్లో గడ్డి హాయిగా మొలుస్తుంది. పైగా డ్రసీనా లాంటి మొక్కల మొవ్వులోకి ఆ ఇసుక జారి కూర్చుంటుంది, అక్కడ లేత ఆకు కమిలిపోతుంది.

అమెరికా నర్సరీల వీడియోలు చూసి చాలామంది ఇలాగే అనుకుంటున్నారు, వాళ్ళు కుండీల మీద గుళికలు చల్లుతున్నారు కదా మనం ఇసుకలో కలిపి చల్లితే తప్పేంటి అని. వాళ్ళు చల్లే గుళికలు ఆ పనికోసమే ఫ్యాక్టరీలో చేసినవి, ప్రతి గుళికలో మందు శాతం ఒకేలా ఉంటుంది, ఆకు పొడిగా ఉన్నప్పుడు మిషనుతో లెక్కప్రకారం చల్లి వెంటనే నీళ్ళు కొట్టేస్తారు. మన షాపుల్లో దొరికే కలుపు గుళికలు ఎక్కువగా వరికోసం చేసినవి. ఆ రెండూ ఒకటి కాదు.

ఇప్పుడు షాపాయన మాట. పెండిమిథాలిన్ అనేది మీరు వాడాలనుకుంటే వాడదగ్గ మందే, కానీ ఆయన చెప్పిన పద్ధతి తప్పు. అది చెప్పేముందు అసలు ఈ రకం మందు ఏం చేస్తుందో ఒకసారి మనసుకి పట్టించుకోండి, మిగతావన్నీ దాన్నిబట్టే తెలిసిపోతాయి. ఇది ఉన్న గడ్డిని చంపదు. కనపడే గడ్డి మీద ఎంత కొట్టినా దండగే. మట్టి పైపొరలో, అంటే పైన ఒక అంగుళం మేర, పల్చటి పొరలా అంటుకుని కూర్చుంటుంది. గింజ మొలకెత్తి వేరు, మొలక ఆ పొరలోకి రాగానే వాటి కొసల్లో కణాలు విడిపోవడం ఆగిపోతుంది, మొలక పైకి రాకుండానో, వచ్చీ రాకుండానో చచ్చిపోతుంది. మీ నూరువరహాల మొక్క ఎందుకు బతుకుతుందంటే దాని వేర్లు ఆ పొరకి కిందకి వెళ్ళిపోయి ఉంటాయి, ఈ మందు నీళ్ళలో పెద్దగా కరగదు కాబట్టి కిందకి దిగదు. మందుకి మొక్కేదో కలుపేదో తెలియదమ్మా, పైన ఉన్నది, లోతున ఉన్నది, అదొక్కటే తేడా.

అందుకే శుభ్రంగా ఉన్న కవరుకే మందు. ఒక్క గడ్డిపోచ లేకుండా పీకించి, అప్పుడు కొట్టాలి. చాలామంది దగ్గర నేను చూసింది దీనికి తిరగబడి ఉంటుంది, గడ్డి బాగా ఎదిగాక కంగారుపడి షాపుకి వెళ్తారు, ఏదో ఒకటి తెచ్చి కొడతారు, గడ్డి చావదు, మందు పనికిరాదని తేల్చేస్తారు. మీరు చెప్పినట్టు ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళేసరికి మళ్ళీ మొలుస్తోంది అంటే, అక్కడే ఉంది కిటుకు, పీకిన రోజు సాయంత్రమే ఆ బెడ్డుకి మందు పడాలి. నర్సరీ అంతా పీకడం అయ్యాక ఒకేసారి కొడదాం అని ఆగొద్దు. పది సెంట్లు పీకించారా, ఆ పది సెంట్లకీ అదే రోజు కొట్టి నీళ్ళు పెట్టేయండి, రేపు ఇంకో పది సెంట్లు. కూలి ఈ మొదటి విడతకి తగ్గదు, రెండో విడత నుంచి తగ్గుతుంది.

మోతాదు దగ్గరకొద్దాం. ఆకు తెగులుకి మందు కొట్టేటప్పుడు లీటరుకి ఇన్ని మిల్లీలీటర్లు అని లెక్క, ఆకు తడిస్తే చాలు కాబట్టి. ఈ మందుకి ఆ లెక్క పనికిరాదు. ఇక్కడ ఎంత నేలకి ఎంత మందు అన్నదే లెక్క, నీళ్ళు కేవలం మోసుకెళ్ళడానికి. పెండిమిథాలిన్ 30 శాతం ఈసీ, అంటే నీళ్ళలో పోస్తే పాలలా కలిసే రకం మందు, పొలం పంటల్లో ఎకరానికి 1.3 లీటర్లు, 200 లీటర్ల నీళ్ళలో అని మామూలుగా చెప్తారు. దాన్ని వందతో భాగించండి, సెంటుకి 13 మిల్లీలీటర్ల మందు, 2 లీటర్ల నీళ్ళు. అంటే లీటరుకి 6.5 మిల్లీలీటర్లు అవుతుంది కదా, షాపాయన చెప్పింది దాదాపు ఇదే అయ్యుంటుంది. కానీ మీ మనిషి మొక్కలకి మందు కొట్టిన అలవాటుతో సెంటుకి 5 లీటర్లు పోసేస్తే ఏమైంది? 32 మిల్లీలీటర్లు పడిపోయింది, రెండున్నర రెట్లు. కలిపిన పాళ్ళు కరెక్టే, మొక్క మాత్రం పోయింది. నర్సరీల్లో ఈ మందుతో జరిగే నష్టాల్లో చాలావరకు ఇలా జరిగేవే.

కాబట్టి ముందు ఉత్త నీళ్ళతో కొలుచుకోండి. ఒక సెంటు, అంటే 48 గజాల పైచిలుకు, తాడు పెట్టి కొలిచి గుర్తు పెట్టండి. ట్యాంకులో కొలిచిన నీళ్ళు పోసి, మీరు మామూలుగా నడిచే స్పీడులో ఆ సెంటంతా ఒక్కసారి కొట్టించండి. ఎన్ని లీటర్లు పట్టిందో చూడండి. రెండున్నర పట్టిందనుకోండి, రెండున్నర లీటర్ల నీళ్ళకి 13 మిల్లీలీటర్లు కలపాలి, అంతే. మూడు పడితే మూడింటికి 13. ఎవరు కొడతారో వాళ్ళతోనే కొలిపించండి, ఎందుకంటే మనిషి మారితే నడక మారుతుంది. నాజిల్ కట్ నాజిల్ గానీ ఫ్లడ్ జెట్ గానీ, అంటే మందు విసనకర్రలా పరుచుకుని పడేది ఉండాలి, గుండ్రంగా పొగమంచులా వచ్చేది వద్దు. ఇంజనుతో నడిచే తైవాన్ స్ప్రేయర్లు ప్రెజర్‌కి మందుని గాల్లో లేపేస్తాయి, ఈ పనికి మామూలు చేతి పంపే నయం. వెనక్కి తిరిగి వచ్చినప్పుడు కొట్టినదాని మీద మళ్ళీ పడకుండా వరస వరసకీ గుర్తు పెట్టుకోమనండి.

38.7 శాతం సీఎస్ అని ఇంకో రకం పెండిమిథాలిన్ ఉంటుంది, కంటికి కనపడనంత సన్నటి గుల్లల్లో మందు పెట్టి తయారుచేసింది, అది ఎకరానికి సుమారు 700 మిల్లీలీటర్లు, అంటే సెంటుకి 7. డబ్బా చూడకుండా 13 పోసేస్తే దాదాపు రెట్టింపు. డబ్బా మీద శాతం చదవకుండా మూత తియ్యొద్దని గట్టిగా చెప్తున్నాను. రెండిట్లో నన్నడిగితే నర్సరీకి సీఎస్ వైపే మొగ్గుతాను, వాసన తక్కువ, ఆవిరై పోవడం తక్కువ, ఆకు మీద పడినా ఈసీ అంత దెబ్బ తియ్యదు. మందు పసుపు రంగులో ఉంటుంది, చేతులకీ బట్టలకీ అంటితే మరక పోదు, ఆకు మీద కూడా మచ్చ కనపడుతుంది, అమ్మకానికి రెడీగా ఉన్న మొక్కల మీద కొట్టకుండా ఉంటే మంచిది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మన దేశంలో ఈ మందుల లేబుల్ మీద ఉండేది వేరుశనగ, పత్తి, సోయా, ఉల్లి, గోధుమ లాంటి పంటల పేర్లు. నూరువరహాలు, క్రోటన్ అని మీకు కనపడదు. అంటే ఈ మొక్కకి ఇంత వాడితే ఏం కాదు అని కంపెనీ హామీ లేదు, షాపాయన ఏం కాదు అన్నది ఆయన సొంత మాట. అందుకని కొట్టేముందు వెంకటరామన్నగూడెం ఉద్యాన యూనివర్సిటీ వాళ్ళనో, మీ పక్కనే వేమగిరిలో ఉన్న పూల పరిశోధన కేంద్రం వాళ్ళనో కలవండి, అంత దగ్గరలో ఉండి అడగకపోవడం అన్యాయం. వాళ్ళు సరే అన్నాక కూడా మీ మట్టిలో, మీ మొక్కల మీద ఒక చిన్న ట్రయల్ వెయ్యండి. ఒక్కో రకంలో పదేసి కవర్లు మూడు గుంపులు తీసుకోండి, ఒక గుంపుకి లెక్కప్రకారం మోతాదు, ఒక గుంపుకి రెట్టింపు, ఒకదానికి ఏమీ వద్దు. రెట్టింపు ఎందుకంటే బెడ్డు మొత్తం కొట్టేటప్పుడు ఎక్కడో ఒకచోట రెండుసార్లు పడే తీరుతుంది, దాన్ని తట్టుకోలేని మొక్కకి ఈ మందు వద్దు.

ట్రయల్ చూసేటప్పుడు ఆకులు చూసి బాగున్నాయి అనేసుకోకండి. ఆరు నుంచి ఎనిమిది వారాలాగి, ఒక్కో గుంపులో రెండు మూడు కవర్లు కోసి మట్టి దులిపి వేర్లు చూడండి. పెండిమిథాలిన్ దెబ్బ తగిలితే వేరు కొసలు ఉబ్బి పొట్టిగా మొద్దుగా అవుతాయి, సన్న వేర్లు తగ్గిపోతాయి. కొన్ని మొక్కల్లో మట్టి మట్టం దగ్గర కాండం కాయ కట్టినట్టు లావెక్కి, పెళుసుగా మారి లారీలో ఎక్కించేటప్పుడు అక్కడే విరిగిపోతుంది. పైన ఆకు మాత్రం మామూలుగానే ఉంటుంది. అమ్మేశాక కస్టమర్ దగ్గర ఎదగకుండా ఉండిపోయిన మొక్కతో మీ పేరే పోతుంది, అందుకే వేరు చూడమంటున్నాను.

కాండం గట్టిపడిన పొద మొక్కలు, అంటే మీ నూరువరహాలు, కాగితం పూలు, దురంతా లాంటివి కవరులో బాగా నాటుకున్నాక తట్టుకునే అవకాశం ఎక్కువ. మెత్తటి కాండం మొక్కలు, ఫెర్న్‌లు, కోలియస్, బిగోనియా, సీజనల్ పూలు, వీటి జోలికి వెళ్ళొద్దు. కొత్తగా చిగురు వేస్తున్నప్పుడు ఏ మొక్క మీదా కొట్టొద్దు, చిగురు ముదిరేదాకా ఆగండి. కట్టింగ్స్ పెట్టిన బెడ్లలో, అంట్లు వేరు పోసుకుంటున్నచోట, నీటి తుంపర పట్టే మిస్ట్ ఛాంబర్‌లో అసలే వద్దు. వేరు రానివ్వని మందుని వేరు రావాల్సిన చోట కొట్టడమే కదా అది. పాలీహౌస్‌లో కూడా ససేమిరా వద్దు, మూసి ఉన్నచోట ఆవిరి బయటకి పోదు, వేడికి ఆ ఆవిరే ఆకుల్ని మాడ్చేస్తుంది. ఇదైతే చాలామందికి తెలియదు, బయట బెడ్డులో బాగా పనిచేసింది కదా అని లోపల కొట్టేస్తారు.

కవరు మార్చిన వెంటనే కొట్టకండి. కొత్తగా నింపిన మట్టి గుల్లగా ఉంటుంది, పగుళ్ళలోంచి మందు నేరుగా వేరు దగ్గరకి జారిపోతుంది. రెండు మూడుసార్లు బాగా నీళ్ళు పెట్టి మట్టి సర్దుకున్నాక, మొక్క నిలదొక్కుకున్నాక, ఓ రెండు వారాలకి కొట్టండి. ఈలోపు మొలిచినది పీకించి మరీ కొట్టాలి, మళ్ళీ చెప్తున్నాను.

కొట్టాక నీళ్ళు. దీన్ని జనం తేలిగ్గా తీసుకుంటారు. మందు మట్టి మీద పొడిగా ఉండిపోతే ఎండకి కొంత విరిగిపోతుంది, కొంత ఆవిరైపోతుంది, మే ఎండల్లో రాజమండ్రి పక్కన ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే సాయంత్రం పూట కొట్టి, వెంటనే అర అంగుళం నీళ్ళు పడేలా చూడాలి. ఎనిమిది అంగుళాల వెడల్పు కవరుకి అది సుమారు 400 మిల్లీలీటర్లు. ఆకు మీద పడ్డ మందు కూడా కడుక్కుపోతుంది. అయితే పైపు మూతి దగ్గర వేలు అడ్డంపెట్టి ఫోర్సుగా కొడతారే, అలా కొడితే కవరులో గుంట పడి పైపొర చెదిరిపోతుంది, ఆ గుంటలోంచే మళ్ళీ గడ్డి మొదలు. షవర్ తల బిగించి వాన పడ్డట్టు పెట్టాలి. డ్రిప్పు ఒక్కటే ఉన్న బెడ్డుకైతే చుక్క పడ్డచోటే తడుస్తుంది, మిగతా పైభాగం పొడిగా ఉండిపోతుంది, కాబట్టి ఆ ఒక్కసారికి పైనుంచి నీళ్ళు పెట్టండి. కుండపోత వాన వచ్చేలా ఉంటే మాత్రం ఆ రోజు ఆగిపోండి.

తర్వాత ఆ మట్టిని కెలకొద్దు. ఎరువు వేసి వేళ్ళతో కలపడం, పుల్లతో గుల్ల చెయ్యడం లాంటివి మందు కొట్టే ముందే అయిపోవాలి. ఇలా జాగ్రత్తగా చూసుకుంటే కవరులో దాదాపు రెండు నెలలు కాపలా ఉంటుంది, ఒక్కోసారి పది వారాలు. రోజూ నీళ్ళు పెడతాం కాబట్టి పొలంలో నిలిచినంత కాలం నిలవదు. కొట్టిన తేదీ బెడ్డు దగ్గర ఒక రేకు ముక్క మీద రాసి గుచ్చండి, రెండు నెలలు దాటుతుండగా ఉన్న నాలుగు పోచలూ పీకించి మళ్ళీ కొట్టండి. గడ్డి కనపడ్డాక కొడదాం అనుకుంటే మళ్ళీ మొదటికే వస్తారు.

తుంగ సంగతి వేరే చెప్పాలి. తుంగ గింజ నుంచి కాదు, భూమిలో గడ్డల నుంచి వస్తుంది. గడ్డలో దాచుకున్న బలంతో ఈ మందు పొరని చీల్చుకుని వచ్చేస్తుంది, పెండిమిథాలిన్ ఎంత కొట్టినా తుంగ పోదు. గరిక కూడా ముక్క నుంచి లేస్తుంది కాబట్టి అంతే. మీ కవర్లలో తుంగ ఉందంటే అది మీరు తెచ్చిన మట్టితో వచ్చింది. పొలం పైమట్టి తీసుకురావడం మానేసి, లోతునుంచి తవ్విన ఎర్రమట్టి తెప్పించుకోండి, తెచ్చాక జల్లెడ పట్టించి గడ్డలు ఏరించండి. తుంగ బాగా పట్టిన కవర్లుంటే మొక్కని తీసి, వేరు మట్టి కడిగి కొత్త మట్టిలో పెట్టడమే మార్గం, పైన పీకితే తెగి మళ్ళీ వస్తుంది. చెరుకులోనో మొక్కజొన్నలోనో తుంగకి వాడే మందులున్నాయి కదా అని వాటిని పూల మొక్కల మీద కొట్టొద్దు. మొక్కజొన్న మందు అట్రజిన్, డైయురాన్, మెట్రిబ్యుజిన్, ఇవి కూడా వద్దేవద్దు. ఇవి నీళ్ళతోపాటు కిందకి దిగుతాయి, వేరు పీల్చుకుంటుంది, ఆకు అంచుల నుంచి పసుపెక్కి మాడిపోతుంది. కవరు లోతు ఎంతని, దిగితే నేరుగా వేరుకే.

ఆక్సిఫ్లోర్‌ఫెన్ గురించి మీరు అడగలేదు గానీ షాపులో రేపు అదీ ఇస్తారు. గంగవాయిలి, పులిచింత లాంటి వెడల్పాకు మొలకల మీద అది బాగా పనిచేస్తుంది, నిజమే. కానీ అది పచ్చగా ఉన్న ఏ ఆకు మీద పడినా మచ్చలు మచ్చలుగా కాల్చేస్తుంది. మొక్కల మీంచి కొట్టే మందు కాదది మన దగ్గర దొరికే రూపంలో. బెడ్ల మధ్య దారుల్లో, కవర్లు పేర్చకముందు ఖాళీ నేల మీద అయితే ఆలోచించవచ్చు. ఇంకా చెప్పాలంటే దారుల్లో వీడ్ మ్యాట్, అంటే కలుపు మొలవకుండా కప్పే పట్టా, పరిచేస్తే ఏ మందూ అక్కర్లేదు, ఒకసారి ఖర్చు, కొన్నేళ్ళు నిలుస్తుంది, నా మాట విని డబ్బు ముందు దానిమీద పెట్టండి.

కలుపు గింజ ఎక్కడినుంచి వస్తోందో ఒకసారి నర్సరీ అంతా తిరిగి చూడండి. సరిగ్గా మాగని గెత్తం ఒకటి, పశువు తిన్న గడ్డి గింజలు దాంట్లో బతికే ఉంటాయి, కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, రెండు మూడుసార్లు తిరగేసి మాగితేనే అవి చస్తాయి. మూత లేకుండా పోసిన మట్టి కుప్ప ఇంకోటి, దాని మీద ఒక పట్టా కప్పడానికి ఖర్చెంత. కాలవ నీళ్ళు వాడేవాళ్ళు పైపుకి జల్లెడ గుడ్డ కట్టాలి. గట్టు మీద, కంచె వెంబడి పెరిగిన వయ్యారిభామ, ఒక్క మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది, పూతకి రాకముందే పీకించాలి, చేతికి గ్లౌజులు వేసుకుని మరీ, చర్మానికి దద్దుర్లు తెస్తుంది. పులిచింత కాయ ముట్టుకుంటే చిట్లి గింజలు నాలుగైదు అడుగులు ఎగురుతాయి, ఒక్క కవరులో వదిలేస్తే చుట్టుపక్కల కవర్లన్నిటికీ అదే విత్తేస్తుంది. మే నెలలో అవతలిది కనపడే పారదర్శక పాలిథిన్ షీటు తడిపిన మట్టి మీద కప్పి అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే ఆ ఎండకే చాలా గింజలు చచ్చిపోతాయి. మనకి ఎండ ఉచితం కదా అమ్మా, దాన్ని వాడుకోవాలి.

నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది, మీ జిల్లాలో ఉండేవాళ్ళకి ఇది వరం. వరి ఊక. కవరు పైన అర అంగుళం నుంచి అంగుళం మందాన పోస్తే పైభాగం పొడిగా ఉంటుంది, పైనుంచి పడ్డ గింజకి తడి అందదు, వెలుతురు కావాల్సిన గింజలు కింద మొలవవు. విదేశాల్లో కుండీ మొక్కలకి ఇది మామూలు పద్ధతి. అయితే పచ్చి బియ్యం మిల్లు ఊకలో తాలుతో పాటు మంచి వడ్లు కూడా పడి ఉంటాయి, అవి మొలిచి మీకు కవరులో వరి నారు వస్తుంది. బాయిల్డ్ రైస్ మిల్లు ఊక తెచ్చుకోండి, వడ్లని ముందే ఉడకబెడతారు కాబట్టి అందులో మొలిచే గింజ ఉండదు. పోసిన వెంటనే తడిపితే గాలికి లేవకుండా అణిగిపోతుంది. మందు తట్టుకోలేవని చెప్పానే, ఫెర్న్‌లు, బిగోనియాలు, పాలీహౌస్ మొక్కలు, వాటికీ మీ డ్రసీనాలకీ ఇదే దారి. పెద్ద కుండీలకి కోనసీమ కొబ్బరి పీచుతో చేసిన గుండ్రటి డిస్కులు కూడా బాగుంటాయి, కాస్త ఖరీదు.

ఇక మనుషుల సంగతి, దీనికి మీరు అందరికన్నా ఎక్కువ జాగ్రత్త పడాలి. మీ దగ్గర కలుపు తీసేవాళ్ళు గంగవాయిలి, గలిజేరు ఏరుకుని పప్పులోకి ఇంటికి పట్టుకెళ్తారు, పీకిన గడ్డి గేదెకి వేస్తారు. మందు మొదలుపెట్టిన రోజు నుంచి ఆ బెడ్లలోది కూరకీ వద్దు, పశువుకీ వద్దు. కారణం చెప్పి మరీ ఆపండి, ఊరికే వద్దంటే మీరు పిసినారితనం చేస్తున్నారనుకుంటారు. మందు కొట్టేవాళ్ళకి గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, కళ్ళజోడు, కాళ్ళకి బూట్లు ఉండాలి. కొట్టి నీళ్ళు పెట్టి అది ఆరేదాకా ఆ బెడ్డులోకి ఎవరినీ పంపొద్దు, పిల్లల్ని అసలే. పెండిమిథాలిన్, ఆక్సిఫ్లోర్‌ఫెన్ రెండూ చేపలకి బాగా విషం. ట్యాంకు కడిగిన నీళ్ళు కాలవలో గానీ చెరువులో గానీ పొయ్యొద్దు, ఆ నీళ్ళే మళ్ళీ కొట్టిన బెడ్డు పక్క దారిలో పల్చగా చల్లేయండి. బెడ్ల మురుగు నీళ్ళు గుంటలోకి చేర్చి మళ్ళీ మొక్కలకి తోడుతుంటే, మందు కొట్టాక మొదటి రెండు మూడు తడుల నీళ్ళు గుంటలోకి పోకుండా మళ్ళించండి, లేకపోతే ఆ నీళ్ళు కట్టింగ్స్ బెడ్డుకి చేరతాయి.

కవర్లు దూరం దూరం పెట్టిన బెడ్డులో కొడితే సగానికి పైగా మందు మధ్యలో నేల మీదే పడుతుంది. అందుకే కవర్లు ఒకదానికొకటి ఆనించి ఉన్నప్పుడే కొట్టించి, తర్వాత ఎడం చెయ్యండి. డబ్బూ మిగులుతుంది, నేలలో అనవసరంగా మందు చేరదు.

విల్లా విషయం. అక్కడ నేల మీద నాటిన పొద మొక్కల మళ్ళయితే పద్ధతి ఇదే, ఇంకాస్త సులువు కూడా, ఎందుకంటే నేల లోతు ఎక్కువ. గడ్డి వేళ్ళతో సహా తీయించి, నేల సాపు చేసి, నీళ్ళు పెట్టి, మందు కొట్టి, మళ్ళీ నీళ్ళు పెట్టి, పైన రెండు మూడు అంగుళాలు కొబ్బరి పీచో చెక్క తునకలో ఎండుటాకులో పరవండి. మల్చ్ మొక్క మొదలుకి ఆనకుండా చుట్టూ కాస్త ఖాళీ వదలాలి. ఇలా రెండూ కలిపి చేస్తే మందు ఒక్కదానికన్నా చాలా ఎక్కువ కాలం మడి శుభ్రంగా ఉంటుంది, మీరు హైదరాబాద్ దాకా మాటిమాటికీ మనుషుల్ని పంపక్కర్లేదు. కొన్ని విల్లాల్లో మొక్కల కన్నా ఖాళీ మట్టే ఎక్కువ కనపడుతుంది, మొక్కలు దగ్గరగా వేసి నేల కప్పేస్తే ఏడాది తిరిగేసరికి నీడకే గడ్డి తగ్గిపోతుంది, ఆ మాట ఓనర్‌కి చెప్పి ఇంకో వంద మొక్కలు అమ్ముకోండి.

లాన్ ఉంటే మాత్రం జాగ్రత్త. మెక్సికన్ గడ్డి కొత్తగా పరిచి ఉంటే, లేదా ముక్కలు గుచ్చి ఉంటే, పెండిమిథాలిన్ దాని కణుపుల వేర్లని కూడా దిగనివ్వదు, లాన్ పైపైన ఉండి చాపలా లేచి వచ్చేస్తుంది. పూర్తిగా పట్టుకుని, రెండు మూడుసార్లు కోత అయిన లాన్‌కే ఆలోచించాలి. పక్క మడిలో కొట్టేటప్పుడు కూడా లాన్ అంచు మీద పడకుండా చూసుకోవాలి.

ఇంకొకటి, అక్కడి తోటమాలికి మీరే ఫోన్ చేసి చెప్పండి, మందు కొట్టిన మళ్ళల్లో మూడు నెలల దాకా బంతి, జీనియా, కొత్తిమీర, ఆకుకూరలు ఏ విత్తనమూ చల్లొద్దని. ఓనర్ వాళ్ళింట్లో పెద్దవాళ్ళుంటే ఖాళీ కనపడ్డచోట నాలుగు మెంతులో తోటకూరో జల్లుతారు, అవి మొలవకపోతే మొలవలేదు గానీ మొలిచినవి కోసుకుని తింటే ప్రమాదం. మీ బిల్లు వెనకాల ఏ మందు, ఎంత, ఏ తేదీన కొట్టారో తెలుగులో రాసి ఇచ్చేయండి. మీ ట్రయల్ కవర్లు కోసినప్పుడు వేర్ల ఫోటోలు తీసి పంపండి, మూడు గుంపులూ పక్కపక్కన పెట్టి తియ్యండి, మట్టి కడిగాక తీస్తే కొసలు బాగా కనపడతాయి.